క్యాచర్ పట్టని బంతి

చక్రధర్ బుద్ధిమంతుడు. అదే అతని ఖర్మ. కాకినాడలో క్రికెట్ ఆడే రోజుల నుంచీ అంపైర్ వేలెత్తితే చాలు, బ్యాటు చంకన పెట్టుకుని వెనక్కి చూడకుండా వచ్చేసేవాడు.

ఆ ఆదివారం సింగపూర్‌లో, చోవా చూ కాంగ్ మైదానంలోనూ అదే చేశాడు. ఆఫీసు వాళ్ల బేస్‌బాల్ ఆట. బ్యాటు పట్టిన అతని వెనకాల, ముఖానికి జాలీ తగిలించుకుని కూర్చున్న ఎదుటి జట్టు క్యాచర్ ఆమని. అసలు అతను ఈ ఆట నేర్చుకున్నదే ఆమె కోసం. మూడోసారి కూడా బ్యాటు గాలినే కొట్టింది. మనవాడు తలొంచుకుని బయల్దేరాడు. అతని జట్టంతా పరుగులో మొదటి మజిలీ అయిన ఫస్ట్ బేస్ వైపు చేతులు చూపిస్తూ "రన్! రన్!" అని గొంతు చించుకుంది. వింటేనా!

ఆట అయ్యాక యూ టీ స్టేషన్ దగ్గరి కాఫీ షాపులో ఇద్దరూ కూర్చున్నారు. మూడో కుర్చీని ఆమని టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసింది, అంటే ఇక్కడి పద్ధతిలో సీటు ఆపి ఉంచింది. ఎవరికని అతను అడగలేదు.

"మూడు తప్పాక అవుటే కదా ఆమనీ? ఎక్కడికి పరిగెత్తమంటారు వీళ్లు?"

"క్యాచర్ బాల్ పట్టుకుంటెనే అవుట్. నా చేతులకెల్లి జారిపోయింది కద! ఫస్ట్ బేస్‌కు ఉరికితే బతుకుతుంటివి."

"ఓరి నాయనో, ఇదెక్కడి రూలు!"

ఆమని నవ్వలేదు. "రెండేండ్ల కింద కూడ గంతే చేసినవ్. పెండ్లి చేసుకుందమా అని నువ్వడిగితె, మా ఇంట్ల ఒప్పుకోరేమో అన్ననంతె. నేను వద్దన్ననా? నువ్వే తలకాయ దించుకొని పోయినవ్."

ఆ రెండేళ్లూ చక్రధర్ పాయా లేబర్‌లోని ఆఫీసు లిఫ్టులో రోజూ ఆమె పక్కనే నిలబడి, రోజూ నోరు నొక్కుకున్నాడు. ఆమె మీద ప్రేమ మాత్రం పిసరంత తగ్గలేదు.

"ఇప్పుడు పరిగెత్తితేనో?"

ఆమని టీ కప్పు పక్కకు జరిపింది. "ఆ రూల్‌ల ఇంకోటుంది చక్రీ. ఫస్ట్ బేస్ ఖాళీగుండాలె. ఆడ ఎవరన్న ఉంటే, బాల్ జారినా ఉరకనియ్యరు."

అతను టిష్యూ ప్యాకెట్ కేసి చూశాడు.

"అభిజిత్ వస్తుండు. వచ్చే నెల మా ఎంగేజ్‌మెంట్. నీకు చెప్పాల్నని రోజూ అనుకుంటున్న."

చక్రధర్ "మంచిది" అన్నాడు. టీ సగంలోనే వదిలి లేచాడు. స్టేషన్ మలుపు దగ్గర, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అవుటయ్యాక వెనక్కి తిరిగి చూశాడు.

ఆమని అతను వెళ్లిన వైపే చూస్తూ కూర్చుని ఉంది. మూడో కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది.