తొట్ల పక్కన మేకులు

ఆ పిల్లను ఆఫీసులో అందరూ లెక్కలమ్మ అనేవారు. పిల్లంటే పిల్లేం కాదు, నలభై దాటింది. కానీ కుదురు లేని మనిషికి వయసెక్కడ కనబడుతుంది? అడవిలో జింకలెన్ని ఉన్నాయి, ఎన్ని పుడతాయి, ఎన్ని పోతాయి, పై ఏటికి ఎన్ని మిగులుతాయి అని లెక్కకట్టడం ఆమె ఉద్యోగం. జింకలేమన్నా వరసలో నిలబడి హాజరు పలుకుతాయా? అందుకని అక్కడక్కడా నాలుగేసి మేకులు పాతి, మధ్య చదరాన్ని శుభ్రంగా ఊడ్చి, రెండు నెలలాగి వెళ్లి, కొత్తగా పడ్డ పెంటికల కుప్పలు లెక్కపెట్టేవారు. కుప్పల్ని బట్టి జింకలు, జింకల్ని బట్టి కంప్యూటరులో గీత.

ఏటా నింపాదిగా పాకే గీత ఈ ఏడు గోడెక్కింది. ఏడువందల జింకలు పదకొండు వందలయ్యాయంది. అంత మేత అడవిలో లేదని, మూడువందల్ని కాల్చి తగ్గించాలని పెద్దసారు కాగితం రాయించాడు. లెక్కలమ్మ సంతకం చేసింది. సోమవారం తుపాకులవాళ్లు వస్తారు.

చేసిందే గానీ ఆనాటి నుంచి ఆమె కాలు ఒకచోట నిలవలేదు. దువ్విన తలే మళ్లీ దువ్వుకునేది. తాళం వేసిన తలుపే మళ్లీ లాగి చూసేది. చినుకు రాలని ఏడాయె, గడ్డి పరక లేదు. డొక్కలెండిన తల్లులు అన్ని పిల్లల్ని ఎలా ఈనాయి? లెక్క మూడుసార్లు తిరగేసింది. మూడుసార్లూ అదే అంకె.

శుక్రవారం తెల్లారగానే బాబాయి దగ్గరకు పరుగెత్తింది. ఆమె తండ్రికి తమ్ముడాయన, ముప్పై ఏళ్లుగా ఆ అడవికి కాపలాదారు. మేకులు పాతేదీ, ఊడ్చేదీ, కుప్పలు లెక్కపెట్టేదీ ఆయనే. గేటు పక్క గదిలో కూర్చుని బూట్లకు నూనె పట్టిస్తున్నాడు. ఏమన్నా పొరపాటు జరిగిందా అని అడిగితే, నీ కంప్యూటరుకి జ్వరమొచ్చిందేమో నుదురు పట్టుకు చూడమన్నాడు. చదరాల దగ్గరకు పోదాం పద అనేసరికి మాత్రం నవ్వు ఆగిపోయింది. దారంతా నాలుగడుగులు వెనకే నడిచాడు.

మొదటి చదరం పక్కన సిమెంటు తొట్టి, నిండా నీళ్లు. చుట్టూ నేల గిట్టలకు పిండైపోయింది. రెండో చదరం దగ్గరా తొట్టే. పదకొండు చదరాల్లో తొమ్మిదింటికి తొట్లున్నాయి.

"ఇవెవరు పెట్టారు బాబాయ్?"

"నేనే. ట్యాంకరు ఈ బాటమీదే కదా వచ్చేది. మేకులుంటే చోటు గుర్తుంటుందని వాటి పక్కనే పెట్టించా. నోరెండి పడిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా?"

పై అధికారుల్ని అడగలేదట, అందుకే ఆమెకూ చెప్పలేదట. ఆమె మాత్రం ఈ ఏడు ఒక్కసారన్నా ఇటు వచ్చి చూసిందా? నీడపట్టున కూర్చుని, వచ్చిన అంకెల్ని వచ్చినట్టు కంప్యూటరుకి మేపింది. అడవి అడవంతా నీళ్లకోసం ఆ చదరాల్లోకే దిగుతుంటే కుప్పలు పడక పువ్వులు పడతాయా? ఆ మాటే బాబాయికి విడమరిచి చెప్పింది. ఆయన తొట్టి అంచున కూలబడ్డాడు.

"అంటే నీళ్లు పోసి నేనే చంపిస్తున్నానన్నమాట," అన్నాడు మెల్లగా.

పది గంటలకల్లా ఇద్దరూ పెద్దసారు గదిలో ఉన్నారు. లెక్క తప్పని, సంతకం వెనక్కి తీసుకుంటానని ఆమె చెప్పింది. పెద్దసారు అరిచే మనిషి కాదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చుంటాడు, అదే భయం. తొట్లు ఎవరు పెట్టారని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే బాబాయి నేనేనని ముందుకొచ్చాడు. సంజాయిషీ రాసివ్వమని ఆయనకు ఆర్డరైంది. తుపాకులవాళ్లను రెండు నెలలు ఆపుతానని, ఈలోగా తొట్లు తీసేసి మళ్లీ లెక్కపెట్టాలని పెద్దసారు తేల్చాడు.

"తొట్లు ఉండనివ్వండి సార్. మేకులు మారుస్తాను," అంది లెక్కలమ్మ.

ఆయన కళ్లజోడు ఇంకోసారి తుడిచి, సరేనన్నాడు.

మ్యాపులో గళ్లు గీసి, చీటీలు వేసి, కొత్త చోట్లు తీసింది. మనకు వీలైన బాట పక్కనే చూస్తే ఆ బాట లెక్కే వస్తుంది గానీ అడవి లెక్క రాదని ఇప్పుడు ఆమెకు తెలిసొచ్చింది. చీటీలకు జాలెక్కడిది? ఒకటి ముళ్లపొదల్లో పడింది, ఒకటి రాళ్లగుట్ట మీద. నా మోకాళ్లమీద పగబట్టావే అంటూనే బాబాయి మేకుల సంచీ భుజానికెత్తుకున్నాడు.

గుట్ట మీద మేకు పట్టుకుని ఆయన అడిగాడు.

"రెండు నెలలయ్యాక కూడా పదకొండు వందలే తేలితే?"

ఆమె సుత్తి ఎత్తి, కొట్టకుండా దించింది.

"తేలితే సంతకం పెడతాను బాబాయ్."

మేకు కొంచెం వంగిందని ఆయన సరిచేసి పట్టుకున్నాడు. ఆమె కొట్టింది.