ఏడాది విరామం

“కాలర్ దగ్గర మడత పోలేదు చూడు. అన్నట్టు, నిన్న మీ సార్‌తో మాట్లాడాను. నీకు ఏడాదిపాటు విరామం ఇస్తానన్నారు.”

ఇస్త్రీ చేస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. చొక్కా మడత సంగతీ, ఆమె పీహెచ్‌డీ సంగతీ ఒకే ఊపిరిలో చెప్పేశాడు భర్త. అమ్మకు మోకాలి ఆపరేషన్ కదా, ఇంట్లో మనిషి ఉండాలి కదా అన్నాడు. అతనికి ఆఫీసులో వాడని సెలవులు రెండు నెలలున్నాయి. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

బస్సులో నిలబడి ఉన్నంతసేపూ ఆమె ధ్యాసంతా ల్యాబ్ మీదే ఉంది. ల్యాబ్‌లో స్టీలు పెట్టెలోంచి గాలంతా తోడెయ్యడానికి పదకొండు రోజులు పట్టింది. గాలి జాడ లేకపోతేనే అందులోని పలుచటి లోహపు పొర గుట్టు విప్పుతుంది. కొలతలు రేపే మొదలు. థీసిస్‌లో చివరి అధ్యాయం వాటితోనే రాయాలి. ఈ పదకొండు రోజులూ పొద్దున్నే అందరికీ క్యారేజీలు కట్టి, పడుతూ లేస్తూ వచ్చి గాలి ఎంత తగ్గిందో మీటరులో చూసుకుంది. “అయిదేళ్ళుగా ఒకటే క్లాసా? ఎప్పుడు పాసవుతుందిరా?” అని అత్తగారు అడిగితే కొడుకు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఆమెకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గైడ్ బల్లమీద ఫారం సిద్ధంగా ఉంది. కారణం అన్నచోట ‘కుటుంబ బాధ్యతలు’ అని ఆయనే నింపేశారు. ఆమె సంతకం ఒక్కటే తక్కువ.

“పన్నెండింటికల్లా ఆఫీసుకి పంపాలమ్మా. రేపటి కొలతలు మీ జూనియర్ తీస్తాడు. పరిశోధన పేపర్లో నీకు కృతజ్ఞతలు చెబుదాంలే.”

కృతజ్ఞతలట. రాసినవాళ్ళలో ఆమె పేరుండదన్నమాట. ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి. పెన్ను మూత తీసింది. కాదంటే ఏమవుతుందో తెలుసు. భర్త వారంపాటు మాట్లాడడు, అత్తగారు చుట్టాలందరికీ ఫోన్లు చేస్తుంది. సరేనంటే ఏమవుతుందో ఇంకా బాగా తెలుసు. ఏడాది విరామమని వెళ్ళి మళ్ళీ రాని సీనియర్ అక్క కుర్చీలోనే ఆమె నాలుగేళ్ళుగా కూర్చుంటోంది.

“ఇంకా ఆలోచించేదేముంది? మీ ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే కదమ్మా ఫారం తీశాను?”

ఆమె పెన్నుకి మూత పెట్టింది. ఫారం ఆయనవైపు జరిపింది.

“రేపటి కొలతలు నేనే తీస్తాను. ఆ ఇంట్లో నేనూ ఉంటాను సార్. నన్నెవరూ అడగలేదు.”