మేకలు పడుకున్న గుంట

కొండ పగిలిన ఎనిమిదో రోజున మా వదిన దియోలిందా మేకల కోసం వెనక్కి వెళ్ళింది. వెంట వెళ్ళింది నేనే. ఆ రోజు ఏం జరిగిందో మా ఊళ్ళో అందరూ తమకు తెలుసనుకుంటారు. తెలిసింది సగమే. మిగతా సగం నేను చాలాకాలం ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మా దీవి పేరుకు అర్థమే నిప్పు. సముద్రంలోంచి లేచిన పది దీవుల్లో ఇంకా చల్లారనిది మాదొక్కటే. మా ఇళ్ళు ఆ కొండ నోట్లోనే ఉన్నాయి. ఒక పక్క ఆకాశాన్నంటే నల్లరాతి గోడ, మధ్యలో పికో శిఖరం, దాని కాళ్ళ దగ్గర మేము. నల్లటి బూడిదలో గుంట తీసి ద్రాక్షతీగ నాటితే మంచు తాగి అదే బతుకుతుంది. కంది, ఆముదం, అంజూరం అన్నీ అంతే. "ఆ పొయ్యిలో ఎలా ఉంటారమ్మా?" అని కింద సావ్ ఫిలిప్ పట్నం వాళ్ళు అడిగితే మా అమ్మమ్మ, "మీరు సముద్రం ఒడ్డున లేరూ? అది ముంచదూ?" అని ఎదురడిగేది.

అమ్మమ్మ వయసులో ఉండగా ఒకసారి పగిలింది. నేను పన్నెండేళ్ళ పిల్లగా ఉండగా ఇంకోసారి. రెండుసార్లూ మావాళ్ళు వెనక్కొచ్చి, చల్లారిన రాళ్ళ పక్కనే మళ్ళీ గోడలు లేపారు. అందుకే ఈసారి ఆదివారం పొద్దున నేల వణికి, పికో పక్కటెముక చీలి, బూడిద స్తంభంలా లేచినప్పుడు పెద్దవాళ్ళు కేకలు పెట్టలేదు. తలుపులు ఊడదీయడం మొదలుపెట్టారు. కలపచెట్లు లేని చోట తలుపు అంటే ఆస్తి.

నేను మాత్రం ఆ పొద్దుటి నుంచీ సరిగా ఊపిరి పీల్చలేదు. నా భయం చెప్పుకోదగ్గ భయం కాదు. కరిగిన రాయి మనిషి కంటే నెమ్మదిగా వస్తుంది. పరిగెత్తాల్సిన పనే లేదు. అదే నన్ను చంపేసింది. మా వీధి చివర జెర్మానో బాబాయి ఇంటిని అది ఎలా తీసుకుందో నిలబడి చూశాను. మనిషెత్తు నల్లరాళ్ళ కుప్ప, లోపల ఎర్రగా, కుండల బండి బోల్తా పడినట్టు గలగలమంటూ వచ్చి గోడకు ఆనుకుంది. ఒక గంటసేపు ఏమీ కాలేదు. తర్వాత గోడ గర్భిణి పొట్టలా ఉబ్బింది. తర్వాత ఇల్లు లేదు. బాబాయి టోపీ తీసి చేత్తో పట్టుకుని, "ముప్పయ్యేళ్ళు సున్నం కొట్టాను దీనికి," అన్నాడు. అంతే.

మా వదిన అంటే నా భర్త క్రిసాంతోకి అక్క. యాభై రెండేళ్ళది, పెళ్ళి చేసుకోలేదు. నిటారుగా తాటిచెట్టులా ఉంటుంది. నోరు మాత్రం కత్తెర. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన పదిహేనేళ్ళలో నా పిరికితనం మీద ఆమె వేయని మాట లేదు. "మా తమ్ముడు పెళ్ళాన్ని తెచ్చుకోలేదు, కుందేలును తెచ్చుకున్నాడు," అనేది వచ్చినవాళ్ళందరితో.

ఆమెకు పదకొండు మేకలు. వాటి పాలతోనే జున్ను చేసి అమ్మేది. ఇంటి వెనక పాత గుంట ఒకటుంది, ఎప్పుడో కొండ నిప్పు ఉమ్మిన చిన్న నోరు. గాలి తగలకుండా వెచ్చగా ఉంటుందని దాని అడుగున రాళ్ళతో దడి కట్టింది. అయిదో రోజున ఊరు ఖాళీ చేసినప్పుడు సామాన్లు మోసే బండిలో మేకలకు చోటు దొరకలేదు. మేత వేసి, నీళ్ళు పెట్టి, రేపు తీసుకెళతాననుకుంటూ మూడు రోజులు గడిపింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం భోజనాల వేళ, ఊరి బయట మేము తలదాచుకున్న చోట, నా దగ్గరికొచ్చింది.

"లేవే అల్సిందా. గాడిదను పట్టుకో. మేకల్ని తోలుకొద్దాం."

"ఆయన రానీ వదినా. ఆయన బండితో కిందికి వెళ్ళాడు కదా."

"వాడొచ్చేసరికి రాళ్ళొస్తాయి. నువ్వేం చేయక్కర్లేదు. గాడిద తాడు పట్టుకుని నిలబడు. ఏడుపొస్తే దాంతో కలిసి ఏడువు."

దారికి అడ్డంగా నిలబడ్డ సైనికుడు కుర్రవాడు. నోటికి గుడ్డ కట్టుకున్నాడు. "నాలుగింటికల్లా బయటికి వచ్చెయ్యాలమ్మా. పల్లపు చోట్లకి దిగొద్దు. గాలి ఆగిపోతే అసలు ఉండొద్దు," అన్నాడు.

"నాయనా, నీ పాలపళ్ళు ఊడకముందే ఈ కొండ నేనెరుగుదును. దానికీ నాకూ మాటలున్నాయి," అంది వదిన. అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఊరు ఊరులా లేదు. తలుపులు లేని ఇళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి. బూడిద మీద మా అడుగులు తప్ప వేరే అడుగులు లేవు. రెండు తోటల అవతల రాళ్ళ గలగల వినిపిస్తూనే ఉంది. పొద్దుటి నుంచి వీచిన గాలి మేము చర్చి గోడ దాటేసరికి ఆగిపోయింది. పొగ నిట్టనిలువుగా, గుంజ పాతినట్టు నిలబడింది.

"వదినా, గాలి లేదు."

"ఉంటే బూడిద కళ్ళలో పడుతుందంటావ్. లేకపోతే లేదంటావ్. నీకేం కావాలే?"

ఇంటి వెనక్కి తిరిగేసరికి మా గాడిద రోలా ఆగిపోయింది. లాగితే మెడ చాచిందే గానీ కాలు కదపలేదు. చెవులు వెనక్కి అంటించుకుంది. వదిన దాని పిర్ర మీద ఒకటి చరిచి, "నీకు తగ్గ గాడిదే," అని నాతో అని, ముందుకు నడిచింది.

గుంట అంచున నిలబడి కిందికి చూశాం. చక్కటి ఎండ. మేకలన్నీ పడుకుని ఉన్నాయి.

"చూడు మహారాణులు! ఊరు కాలిపోతుంటే కునుకు తీస్తున్నాయి," అంది వదిన. "ఓ జొజేఫా! లేవే! బిలూ! లేమ్మా, పోదాం!"

ఒక్కటీ తల ఎత్తలేదు. ఆమె మేకల్లో జొజేఫా అనే తెల్లమేక ఆమె గొంతు వింటే మైలు దూరం నుంచి అరుస్తుంది. నేను వాటి దవడల వంక చూశాను. పడుకున్న మేక నెమరు వేస్తుంది. ఏ దవడా కదలడం లేదు. ఒక్క ఈగ కూడా లేదు.

"వదినా, దిగకు! అవి పడుకోలేదు, దిగకు!" అని అరిచాను. అప్పటికే సగం దిగింది. ఆమెకు వినబడింది కూడా. చెయ్యి విదిలించింది, ఈగను తోలినట్టు. అడుగుకి చేరి, జొజేఫా పక్కన దాని కొత్తపిల్ల ఉంటే, దాన్ని ఎత్తుకుందామని వంగింది.

వంగినది మళ్ళీ లేవలేదు. మోకాళ్ళ మీద పడి, పక్కకి ఒరిగి, మేకల మధ్య మేకలా పడుకుంది. చప్పుడు లేదు, కేక లేదు.

నేను పరిగెత్తాను. ఆమె వైపు కాదు. దారి వైపు.

ఇదే నేను చెప్పని సగం. తాడు వదిలేసి, చెప్పు ఊడితే చూసుకోకుండా, ఇంటి ముందు అంజూరపు చెట్టు దాకా పరిగెత్తాను. సాయం పిలవడానికని తర్వాత నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, కాదు. నా కాళ్ళు నన్ను అడగలేదు. చెట్టు దగ్గర ఆగి చూస్తే దారిలో మనుషులెవరూ లేరు. సైనికుడున్న చోటు పావుగంట నడక. అప్పగించడానికి ఎవరూ లేరని అప్పుడు తెలిసింది. పదిహేనేళ్ళుగా నా వెనక ఆగని ఆ గొంతు కూడా వినబడటం లేదు. ఆ నిశ్శబ్దం కన్నా రాళ్ళ గలగలే నయమనిపించింది.

వెనక్కి తిరిగాను. ధైర్యం వచ్చి కాదు. భయం అలాగే ఉంది. దాన్ని మోసుకుంటూనే వెళ్ళాను.

అమ్మమ్మ చెప్పిన ముక్క ఒకటి సగం సగం గుర్తొచ్చింది. కొండ వదిలే విషపు ఊపిరి నీళ్ళలాంటిదనీ, పల్లంలో నిలుస్తుందనీ. ఎంత లోతు నిలుస్తుందో చెప్పిందో లేదో గుర్తు లేదు. రోలా మెడలోని పొడుగు తాడు జీనుకు ముడివేశాను. అది గుంటకు వీపు పెట్టి, దారి వైపు ముఖం పెట్టి, పారిపోవడానికి సిద్ధంగా ఉంది. తాడు రెండో కొస పట్టుకుని, గుండె నిండా గాలి పీల్చి, నోరు మూసుకుని దిగాను.

అడుగున నిటారుగా నిలబడ్డంతసేపూ ఏమీ తెలియలేదు. వంగగానే కళ్ళు మండాయి. ముక్కులోకి సోడా ఎక్కినట్టు చురుక్కుమంది. పీల్చలేదు, అయినా దూరింది. వదిన కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూడటం లేదు. చంకల కింద నుంచి తాడు తిప్పాను. ముడి పడలేదు. తాడు జారిపోయింది. చెవుల్లో సముద్రం మోగుతోంది. ఇక ఆపలేక పైకి పాకి, అంచు దాటి, గాలి తాగి, మళ్ళీ దిగాను. ఆ రెండోసారి దిగడం నా జీవితంలో నేను చేసిన అన్నిటికన్నా కష్టమైన పని. మొదటిసారి తెలియక దిగాను.

ముడి పడింది. పైకొచ్చి రోలాను కొట్టబోయాను. కొట్టనక్కర్లేదు, అది ముందే కదిలింది. వదినను రాళ్ళ మీదుగా మూటలా ఈడ్చుకొచ్చింది. ఆమె రవిక చిరిగింది, మోచేతులు కొట్టుకుపోయాయి. అంచు దాటించి, ఇంకా పది అడుగులు ఈడ్చి, బోర్లా తిప్పి వీపు మీద చరిచాను. చరుస్తూ తిట్టాను. ఆమె నన్ను తిట్టిన తిట్లన్నీ వరసగా, ఒక్కటి వదలకుండా.

ఎంతసేపో తెలియదు. ఒక దగ్గు వచ్చింది. తర్వాత వాంతి. తర్వాత కళ్ళు నా మీద నిలిచాయి.

"పిల్లమేక..." అంది.

"లేదు వదినా."

ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుంది. అంత గట్టిగా ఆమె నన్నెప్పుడూ పట్టుకోలేదు. అప్పుడు ఆమె పళ్ళు టకటకలాడటం విన్నాను.

ఆమెను గాడిద మీద అడ్డంగా వేసి బయటికి తెచ్చాను. సైనికుడు మమ్మల్ని చూసి పరిగెత్తుకొచ్చాడు. ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచారు. మర్నాడు మధ్యాహ్నానికి రాళ్ళు గుంటలోకి దిగి, మేకల్ని కప్పేసి, ఇంటిని కూడా తీసుకున్నాయి. క్రిసాంతో చూసి వచ్చి చెప్పాడు. "అక్కకి నువ్వే చెప్పు," అని నా మీద పెట్టాడు.

చెప్పాను. ఆ రోజే, ఆసుపత్రి మంచం పక్కన, మిగతా సగం కూడా చెప్పేశాను. "వదినా, ముందు నేను పారిపోయాను. అంజూరం చెట్టు దాకా."

ఆమె పైకప్పు మీంచి చూపు తిప్పి నా వైపు చూసింది.

"అక్కడిదాకానా?" అంది. "నేనైతే సావ్ ఫిలిప్ దాకా పరిగెత్తేదాన్ని."

"అబద్ధం. నువ్వు పరిగెత్తేదానివి కాదు."

"నీకేం తెలుసే? నాకు ఇంతవరకూ భయం వేసిందేమిటి, నేనెలా ఉంటానో తెలియడానికి?"

దిగువ ఊళ్ళో మాకిచ్చిన ఇళ్ళలో ఏడాదిన్నర ఉన్నాం. తర్వాత ఒక్కొక్కరే పైకి పాకారు. మేమూ వెళ్ళాం. గట్టిపడ్డ నల్లరాళ్ళ మీద రెండు గదులు కట్టుకున్నాం. నేల ఇంకా వెచ్చగా ఉండేది, చెప్పులు లేకుండా నడవలేకపోయేవాళ్ళం. వదిన కూడా వచ్చింది. నాలుగు మేకలు కొంది. వాటిని నల్లరాతి గోడ కింద ఎత్తుమీద, గాలి కొట్టే చోట కట్టింది. అవి చలికి వణుకుతాయి, పాలు తక్కువిస్తాయి. అయినా దింపదు.

ఇప్పుడు పాలు నేనే పితుకుతున్నాను. ఆమె వంగలేకపోతోంది. నడుము బాగానే ఉంది. కానీ మేక పక్కన వంగబోతే ఊపిరి బిగబడుతుంది, ముఖం పాలిపోతుంది. కొంచెం దూరంలో నిటారుగా నిలబడి, "అలా కాదే, చన్ను పైనుంచి పట్టు," అని కేకలేస్తుంది.