వసారాలో హీటరు

నా భార్య సత్యవేణి పోయాక వాళ్ళమ్మ వీరాయమ్మగారు నా దగ్గరే ఉన్నారు. కూతురు ఒకప్పుడు పడుకున్న గదిలో ఉండలేక, ఇంత మంచులోనూ తెల్లవారుజామునే వసారాలోకి వచ్చేస్తారు. ఆవిడకు ఆయాసం. అమలాపురం వెళ్ళి వసారాకి ఇన్‌ఫ్రారెడ్ హీటరు అడిగాను.

"ఇది బయట గాలిని వేడెక్కించదండి, ఎదురుగా ఉన్న మనిషినే. వసారా అంతటికీ పెద్దది దండగ. ఎక్కడ కూర్చుంటారు?" అన్నాడు కొట్లో జనార్దన్.

"గోడవార, రెండు కుర్చీల్లో."

"ఆయ్, అయితే పదిహేను వందల వాట్లది చాలండి."

వేడి సరిగ్గా ఆ కుర్చీల మీద పడేలా కొట్టువాళ్ళు వచ్చి బిగించారు. మర్నాడు ఆవిడకు తోడుగా నేనూ వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ చటుక్కున లేచి, దూరంగా స్తంభం పక్కన నిలబడ్డారు.

"కూర్చోండి అత్తయ్యగారూ, వెచ్చగా ఉంది."

"అల్లుడుగారి ముందు కుర్చీలో ఎలా కూర్చుంటానండీ? చూసినోళ్ళు నవ్వరూ? మీరు చలి కాచుకోండి బాబూ."

ఆవిడ మంచులో దగ్గుతున్నారు. హీటరు నన్నూ, ఖాళీ కుర్చీనీ వేడెక్కిస్తోంది. ఇన్నేళ్ళలో ఆవిడ నా ఎదుట ఒక్కసారైనా కూర్చోలేదని నేను గమనించనేలేదు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

లోపలికి వెళ్ళి తలుపు వెనక పీట వేసుకున్నాను. కాసేపటికి బయట కుర్చీ కిర్రుమంది.

"అత్తయ్యగారూ, వేణికి చిన్నప్పుడు చలి ఎక్కువా?" అని అక్కడినుంచే అడిగాను.

"దానికా! దుప్పటంతా అదే లాక్కునేదండి."