డెస్ సంతకం

అత్తగారి పుట్టినరోజు కార్డు మీద మొగుడి పేరు రాయడానికి నొరీన్‌కి ఎక్కువసేపు పట్టదు. డి అక్షరానికి పొట్ట కాస్త లావుగా పెట్టి, చివరి గీతను కిందికి సాగదీసి, పక్కన రెండు ముద్దుల గుర్తులు వేస్తే సరి. ఎడ్నా ఆ కార్డును ముందు గదిలో అందరికీ కనపడేలా నిలబెట్టి, వచ్చినవాళ్లతో “ఎంత పనిలో ఉన్నా మావాడు నన్ను మర్చిపోడు” అని చెప్పుకుంటుంది. కోడలు పక్కనే టీ పోస్తూ వింటుంది. పెళ్లయినప్పట్నుంచీ ఇదే వరస. క్రిస్మస్ కార్డులు, పిల్లల బడి కాగితాలు, కరెంటువాళ్లకి ఉత్తరాలు, అన్నిటి మీదా డెస్ సంతకం ఆవిడే పెడుతుంది. “నీ రాత బాగుంటుంది లవ్, నువ్వే పెట్టెయ్” అంటాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా. మొదట్లో అది తన మీద నమ్మకం అనుకుని మురిసిపోయింది కూడా, పిచ్చిమొహం.

ఈసారి మాత్రం కార్డు పొద్దున్నించీ వంటింటి బల్ల మీద తెరిచే ఉంది. ఆవిడ ఇంకా పెన్ను ముట్టుకోలేదు. దానికి కారణం ఆ వ్యాను అప్పు.

టైల్స్ పని సొంతంగా మొదలుపెడతానని డెస్ వ్యాను కొన్నప్పుడు ఇద్దరి పేరు మీదా అప్పు తీసుకున్నారు. ఒప్పందం కాగితాలు వచ్చిన రోజు ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది. మామూలుగానే, రెండు చోట్లా ఆవిడే సంతకం పెట్టింది, తనదీ అతనిదీ. పని నిలదొక్కుకోలేదు. వ్యాను అమ్మిన డబ్బు ఏమైందని అడిగితే “నెత్తిన పెట్టుకు తిరుగుతున్నానా?” అన్నాడు. వాయిదాలు మాత్రం ఆవిడ జీతంలోంచే పోయాయి. వాళ్ల ఊరు రాచ్‌డేల్‌లో ఒక బడిలో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వడ్డించే ఉద్యోగం ఆవిడది. “నీ చిల్లర” అంటాడు డెస్ ఆ జీతాన్ని. ఆ చిల్లర చాలనప్పుడు ఒక క్రెడిట్ కార్డు గీకింది, దాన్ని కట్టడానికి ఇంకో కార్డు గీకింది. ఇప్పుడు తలుపు సందులోంచి ఉత్తరం చాప మీద పడిన చప్పుడు వింటే చాలు, వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుంటుంది. ఫోన్ మోగితే గుడ్డల సొరుగులో పెట్టి మూసేస్తుంది. అది ఆ గుడ్డల కింద గొణుగుతూనే ఉంటుంది.

ఆ భయంతోనే ఒకరోజు లైబ్రరీకి వెళ్లింది. అక్కడ వారానికోసారి సమీనా అనే ఆమె అప్పుల్లో ఉన్నవాళ్లకి ఉచితంగా సలహా చెబుతుంది. నెలకి ఇంతని ఒకేచోట కట్టే పథకం ఉందనీ, అది నడిపేవాళ్లే అప్పిచ్చినవాళ్లందరికీ పంచుతారనీ, వడ్డీ ఆపమని వాళ్లే అడుగుతారనీ చెప్పింది. ఖర్చుల పట్టికలో “మీ కోసం” అన్నచోట నొరీన్ సున్నా పెడితే, అలా పెడితే ఎవరూ నమ్మరు, మీరూ మనిషే కదా అని మందలించింది. పనిలో పనిగా ప్రతి కంపెనీనీ అసలు ఒప్పందం చూపించమని అడగాలని కూడా చెప్పింది. మొదటి కార్డువాళ్లు చూపించారు. రెండోవాళ్లు కాగితం దొరకడం లేదనీ, దొరికేదాకా కోర్టుకు వెళ్లలేమనీ రాశారు. ఆ ఉత్తరాన్ని నొరీన్ మెట్ల మీద కూర్చుని రెండుసార్లు చదివింది. ఇన్నాళ్లూ తనని నిద్రపోనివ్వనివాళ్ల దగ్గర అసలు కాగితమే లేదు.

మిగిలింది వ్యాను అప్పు. దాని ఒప్పందం కూడా చూపించమని అడుగుతానంటే డెస్ నవ్వాడు.

“అడుగు, అడుగు. ఆ కాగితం బయటికొస్తే నా పేరు నీ రాతలో ఉంటుంది. జైల్లో టీ బాగుండదట.”

జైలు సంగతి ఏమో గానీ, పోలీసు కేసున్నవాళ్లని బడిలో ఉంచరు. ఆ ఉద్యోగం పోతే ఇంకేముంది తనకి? గరిటె పట్టుకుని నిలబడితే “ఇంకొంచెం గ్రేవీ మిస్” అని పళ్లేలు చాపే పిల్లలు తప్ప ఆవిడకి థాంక్స్ చెప్పేవాళ్లెవరూ లేరు. డెస్ అదీ గ్రహించినట్టున్నాడు. కాగితాల గొడవ మానేసి, పథకం ఇద్దరి పేరు మీదా పెట్టించమన్నాడు. పందేల మీద అతను చేసిన అప్పులు కూడా అందులో కలిసిపోతాయి. “మొగుడూ పెళ్లాలమయ్యాక నీదీ నాదీ అంటూ ఉంటుందా?” అన్నాడు. వ్యాను డబ్బప్పుడు ఆ మాట ఎక్కడికి పోయిందో.

ఆరోజు బడిలో వడ్డన అయ్యాక, కార్డు సంగతి అలాగే వదిలేసి, లైబ్రరీకి వెళ్లి సమీనా ఎదురుగా కూర్చుంది. ఎవరో తెలిసినామె సంగతన్నట్టుగా అడిగింది. “ఒకే మనిషి ఇద్దరి సంతకాలూ పెడితే ఏమవుతుంది?”

సమీనా పెన్ను కింద పెట్టింది. ఎవరు పెట్టమన్నారు, వ్యాను ఎవరు నడిపారు అని నెమ్మదిగా అడిగింది. నొరీన్ అన్నీ చెప్పేసింది. ఏడుపు కూడా వచ్చింది, సిగ్గు కూడా వేసింది.

“ఏమీ కాదని నేను మాటివ్వలేను,” అంది సమీనా. “ముందు లాయరుకి చూపిద్దాం, డబ్బు తీసుకోరు. కానీ నొరీన్, మీరు అడిగినా అడక్కపోయినా ఆ కాగితం ఉంటే ఉన్నట్టే. అది బయటపడుతుందన్న భయంతో ఎన్నాళ్లు కడతారు?”

నొరీన్ చేతిసంచీ పట్టీ మెలితిప్పింది.

“పథకం నా ఒక్కదాని పేరు మీదే పెట్టండి.”

“అలాగైతే వ్యాను అప్పు గురించి కంపెనీవాళ్లు ఆయన్ని కూడా అడుగుతారు.”

“అడగనివ్వండి. లాయరు సరేనంటే ఒప్పందం చూపించమని ఉత్తరం కూడా పంపేద్దాం.”

ఉత్తరం అక్కడే టైపు చేయించింది. సంతకం చెయ్యక్కర్లేదు, అచ్చులో పేరుంటే చాలంది సమీనా. సంతకం లేని ఉత్తరాన్ని సంచీలో పెట్టుకుని బస్సెక్కితే, పక్కన కూర్చున్న ప్రతివాడూ తన సంచీనే చూస్తున్నట్టనిపించింది.

ఇంటికొచ్చేసరికి డెస్ వంటింట్లో బిస్కెట్ తింటున్నాడు. కార్డు ఇంకా అలాగే ఉందేమిటి, అమ్మ ఎదురుచూస్తుంటుంది అన్నాడు.

నొరీన్ కోటు విప్పకుండానే కూర్చుంది. కార్డు మీద నొరీన్ అని రాసింది. అక్షరాలు వంకర పోయాయి. కార్డునీ పెన్నునీ అతని వైపు తోసింది.

“నీ పేరు నువ్వు రాసుకో.”

అతను ముందు నవ్వాడు. ఆవిడ నవ్వకపోయేసరికి పెన్ను తీసుకుని కార్డు మీద ఆనించి, అలాగే ఆగిపోయాడు. ఇన్నేళ్ల కార్డులన్నీ దాచుకున్న మనిషి వాళ్లమ్మ, రాత మారితే ఇట్టే పట్టేస్తుంది.

“నువ్వెలా పెడతావో ఒక్కసారి చూపించు,” అన్నాడు.

నొరీన్ లేచి కోటు గుండీలు విప్పుకుంది. చూపించలేదు.