రోజూ జల్లినట్టే

నాలుగున్నరకి కమలాకుమారి లేస్తుంది. గేట్ బజార్ వెనక సందులో తమ ఇంటి ముందున్న నాలుగు గజాల నేల ఊడ్చి, పేడనీళ్లు చల్లి, ముగ్గు పెడుతుంది. పందొమ్మిదేళ్లుగా ఇదే వరస. కాపురానికి వచ్చిన మర్నాడు అత్తగారు అప్పలనరసమ్మ ఆమెతో అన్న మొదటి మాట కూడా దీని గురించే. "మీ ఊర్ల ఏ టయానికి లెగిసీవోరో నాకు తెల్దు. ఇక్కడ పాలోడు వొచ్చీసరికి వాకిలి తడిసుండాల."

భర్త జగదీశ్వరరావు రైల్వే గూడ్సు ఆఫీసులో గుమస్తా. ఎనిమిదింటికి బూట్లు తొడుక్కుని ఆ ముగ్గు మీదుగా నడిచిపోతాడు. పందొమ్మిదేళ్లలో ఆ వాకిలి గురించి అతను ఒక్కసారి మాట్లాడాడు. వానాకాలంలో కాలు జారినప్పుడు. "ఈ పేడేటి, ఎవుడి కాలిరగ్గొట్టడానికి?" అన్నాడు. అంతే.

టిఫిన్లు, క్యారేజీలు, అత్తగారి మోకాళ్లకి నూనె. ఇవన్నీ అయ్యాక కమల పదింటికి ఆఫీసుకి వెళ్తుంది. లాయరుకి ఇచ్చుకోలేని ఖైదీలకు ఉచితంగా సాయం చేసే ఆఫీసు అది. ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. జైలు నుంచి వచ్చే తెలుగు ఉత్తరాలు చదివి, ఒక్కో ఉత్తరానికి ఆఫీసు భాష అయిన ఒడియాలో ఒక పేజీ సారాంశం రాయాలి. పేజీ దాటకూడదు. కేసుని పైకోర్టు మళ్లీ చూడాలా అక్కర్లేదా అన్నది కోర్టే తేలుస్తుందని లోకం అనుకుంటుంది. కోర్టుకన్నా ముందు ఒక బల్ల ఉంది. నెలలో మొదటి శుక్రవారం ఆ బల్ల దగ్గర ముగ్గురు లాయర్లు కూర్చుంటారు. మధ్య కుర్చీ శ్యామసుందరరావుది. కమల రాసిన పేజీ చదివి, దాని మీద 'అర్హం' అనో 'అర్హం కాదు' అనో ముద్ర వేస్తారు. ఒక్కో ఫైలుకి టీ చల్లారేంత సేపు కూడా పట్టదు. అసలు ఉత్తరం పేజీ వెనకే పిన్ను చేసి ఉంటుంది. దాన్ని ఎవరూ తిప్పి చూడరు.

ఆ సోమవారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి దాలమ్మది. రంభ అనే ఊళ్లో చిలికా సరస్సు ఒడ్డున చేపలు అమ్ముకుని బతికిన మనిషి. భర్త పోతయ్యని చంపిందని యావజ్జీవం పడి ఆరేళ్లయింది. అక్షరాలొచ్చిన ఖైదీ ఎవరో రాసిపెట్టారు.

"అమ్మా, మూడేళ్ల కిందట ఒకపాలి రాయించేను. అర్హం కాదని కాయితం వొచ్చింది. ఎందుకు కాదో అందుల నేదు. నాదొకటే అడగడం. ఆ పొద్దు నేను వాకిలి జల్లకపోతే నన్ను ఒగ్గేద్దురా?"

కమల ఆ వాక్యం దగ్గర ఆగిపోయింది. బీరువాలోంచి పాత ఫైలు తీసింది.

కేసు చిన్నదే. ముందురోజు సాయంత్రం మొగుడూ పెళ్లాం దెబ్బలాడుకోవడం వీధంతా విన్నది. ఆ రాత్రి పోతయ్య తాగి ఇంటికొచ్చాడు. తెల్లారాక ఇంటి పక్క వలల కుప్ప వెనక, తల పగిలి, చచ్చి దొరికాడు. గుమ్మం రాతి మీద రక్తం ఆనవాలు ఉంది. పడ్డాడో, కొట్టారో చూసినవాళ్లు లేరు. తీర్పులో జడ్జి దాలమ్మని పట్టుకున్నది ఒక్కచోటే: పోలీసులు రాకముందే ఆమె వాకిలి పేడనీళ్లతో కడిగింది. ఏమీ జరగనట్టు ముగ్గు పెట్టింది. తర్వాత ఆ ముగ్గునీ చెరిపేసింది. ఆధారాలు మాయం చేసిందనడానికి ఇంతకన్నా ఏం కావాలి, అని రాశాడు. సాక్షులు ఏడుగురు. ఏడుగురూ మగాళ్లే.

ఫైల్లో మూడేళ్ల కిందటి సారాంశం ఉంది. కమల దస్తూరీయే. 'రక్తం ఉన్న వాకిలిని కడిగినట్లు ఖైదీ స్వయంగా ఒప్పుకుంటోంది.' కింద ముద్ర: అర్హం కాదు.

పేజీ వెనక్కి తిప్పింది. దాలమ్మ మొదటి ఉత్తరం. ఇంకా పిన్ను తుప్పు మరకతో అక్కడే ఉంది. 'రోజూ జల్లినట్టే ఆ పొద్దూ జల్లేను. సీకట్ల ఏటీ కనబడనేదు. ముగ్గెట్టేను. తెల్లగయ్యేక ఆయన్ని సూసేను. ఆ ముగ్గు నా కాలితోటే సెరిపేసేను.'

ఈ ఐదు వాక్యాలూ సారాంశంలో లేవు. ఎందుకు వదిలేసిందో కమలకి గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఉంటే బాగుండేది. ఆ రోజు పదకొండు ఉత్తరాలున్నాయి. పేజీ నిండిపోయింది. ఏదో ఒకటి తీసెయ్యాలి. రోజూ చేసే పనిలో చెప్పడానికేముంది అనిపించింది. ఆ ఉదయం తనూ చల్లే వచ్చింది. అందుకే అది రాయదగ్గ విషయంగా కనబడలేదు. జగదీశ్వరరావుకి కనబడనట్టే, జడ్జికి కనబడనట్టే, తన పని తనకే కనబడలేదు. మగాడు చూడకపోతే అలవాటు అనుకోవచ్చు. చేసిన చేతికి కూడా చూపు పోతే దానికేం పేరు పెట్టాలో ఆమెకి తెలియలేదు. ఆ మాట లేక ఒక మనిషి ఇంకో మూడేళ్లు గోడల మధ్య కూర్చుంది.

మధ్యాహ్నం శ్యామసుందరరావు గదిలోకి వెళ్లి ఫైలు ముందు పెట్టింది.

"ఇది ఓసారి మళ్లీ చూడాలి సార్."

"ఒకసారి కాదన్నాం కదమ్మా. కాదన్నది మళ్లీ బల్ల మీదకి రావాలంటే మేం ముగ్గురం రమ్మనాలి."

"దాన్ని రమ్మనమని మిమ్మల్ని ఎవరడుగుతారు సార్?"

ఆయన కళ్లజోడు తీశాడు. చెడ్డవాడు కాదు. తొందర మనిషి. "ఎవరూ అడగరు. అందుకే ఆఫీసు నడుస్తోంది. కొత్త సాక్ష్యం ఉందా?"

"ఆమె వాకిలి రోజూ కడుగుతుంది సార్. కోర్టులో ఎవరూ చెప్పలేదు."

"వాకిలి కడగడం కూడా సాక్ష్యమేనా? బావుంది. రేపు గిన్నెలు తోమడం కూడా పట్టుకొస్తావు." నవ్వాడు. కమల నవ్వలేదు. ఆయనే తగ్గాడు. "సరే, ఇరుగూపొరుగూ ఎవరైనా రాసిస్తే తీసుకురా. కానీ ఒకటి ఆలోచించుకో. ఈ మాట మొదటి ఉత్తరంలోనే ఉంటే సారాంశంలోకి ఎందుకు రాలేదని మిగతా ఇద్దరూ అడుగుతారు. రాసింది నువ్వు. వచ్చే నెల నీ కాంట్రాక్టు పొడిగించాల్సిందీ మేమే. పడుకున్న ఫైలుని లేపడం ఎందుకు చెప్పు?"

ఇంటికొచ్చి జరిగిందంతా భర్తతో చెప్పింది. అతను కాఫీ తాగుతూ విన్నాడు. "ఎవత్తో జైల్లో ఉంటే నీకేటి? తప్పు నాదేనని నువ్వే రాసిస్తావా? ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకుని ఇంట్ల ఏటి సేస్తావు?"

ఇంట్లో ఏం చేస్తుందో అతనికి నిజంగానే తెలియదు. కమల ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది.

అప్పలనరసమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. డెబ్భై ఆరేళ్లు. చెవులు మాత్రం పాము చెవులు. కమల నూనెగిన్నె తెచ్చి మోకాలు పట్టగానే అంది.

"ఆ రంభ మనిసి ముగ్గు కాలితోటి సెరిపిందన్నావు కదే?"

"అవునత్తా."

ముసలామె గోడకేసి చూస్తూ అంది. "మీ మాంగారు పోయిన రోజు నీకు తెల్దు. నువ్వప్పటికి రానేదు. పక్కమీద నిద్దరోతన్నాడనే అనుకున్నాను. లెగిసేను, జల్లేను, ముగ్గెట్టేను, పొయ్యి ముట్టించేను. కాఫీ అట్టుకెల్లి లెగ్గొడితే సల్లగున్నాడు. పీనుగున్న ఇంటి ముందల ముగ్గుండకూడదు కదే. ఎవులినీ పిలవకముందల, ఏడవకముందల, బయటికెల్లి నా కాలితో నేనే సెరిపేసేను. తరవాతే ఏడిసేను." "ఆ పొద్దు పోలీసోలు వొస్తే నన్నూ అట్టుకుపోదురేటి?"

పందొమ్మిదేళ్లలో ఆమె తన గురించి ఏదీ చెప్పలేదు. చెప్పినవన్నీ పనులే. కమల నూనె చేతుల్తోనే ఆమె పాదాన్ని పట్టుకుంది. ముగ్గు చెరిపిన పాదం. మడమ పగుళ్లలో ఏళ్లనాటి పేడ నలుపు ఇంకా ఉంది. ఆ పగుళ్లలో నూనె నెమ్మదిగా రాసింది.

ముసలామే అంది. "రేపు జల్లకు. సూద్దాం, ఎవులికి కనబడతాదో."

మర్నాడు కమల నాలుగున్నరకే లేచి, ఊరికే కూర్చుంది. ఏం చెయ్యాలో తెలియని చేతులు ఒళ్లో పెట్టుకుని. ఆరు కాకుండానే ఎదురింటి ప్రమోద పైట సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చింది. కళ్లల్లో అప్పటికే నీళ్లు.

"కమలొదినా! పిన్నికేటయింది? ఎప్పుడు పోయింది?"

"నీ నోట్ల మన్నుబడ!" లోపల్నుంచి అప్పలనరసమ్మ కేకేసింది. "ఇడ్లీ తింటన్నానే. రా, నువ్వూ తిను."

ప్రమోద గుమ్మంలోనే కూలబడి ఏడుస్తూ నవ్వింది. "వాకిలెండిపోయుంటే ఇంకేటనుకుంటాం పిన్నీ! అటింటోలు కూడా వొచ్చేస్తన్నారు." నిజంగానే ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. జగదీశ్వరరావు కూడా బనీనుతో బయటికొచ్చి నేలకేసి చూశాడు. "ఇదేటే, ఇయాళ వాకిలి ఇలాగుంది? ఒంట్ల బాగానేదా?"

కమల అతన్ని తేరిపార చూసింది. అడిగాడు. పందొమ్మిదేళ్లకి.

అప్పుడు ఆమెకి కేసు మొత్తం ఒక్కసారిగా కనబడింది. చావు తెలిసిన ఇంటి ముందు ఏ ఆడదీ చల్లదు, ముగ్గు పెట్టదు. సందు సందంతా వాకిలి చూసే చావుని చదువుతుంది. దాలమ్మ చల్లిందంటే, ముగ్గు పెట్టిందంటే, మొగుడు పోయాడని ఆమెకి అప్పటికి తెలియదు. తెలిసిన నిమిషాన చెరిపేసింది. జడ్జి నేరానికి రుజువు అన్నదే నిర్దోషిత్వానికి రుజువు.

ఆ ఆదివారం అత్తాకోడళ్లిద్దరూ రంభ బస్సెక్కారు. "ఈ మోకాళ్లతో ఎక్కడికే?" అని కొడుకు తల్లిని అడిగాడు. "నా సాచ్చికం నాకుంది, నువ్వు అన్నం వొండుకో," అంది తల్లి. చిలికా ఒడ్డున దాలమ్మ ఇంటి చుట్టుపక్కల నలుగురు ఆడవాళ్లు దొరికారు. దాలమ్మ రోజూ కోడి కూయకముందే వాకిలి చల్లేదని నలుగురూ చెప్పారు. ఆరేళ్లుగా ఎందుకు చెప్పలేదని కమల అడిగితే అందులో పెద్దావిడ చేపలబుట్ట దింపి అంది. "మమ్మల్ని ఎవులడిగేరమ్మా? మా ఆయన్నడిగేరు. ఆయన లెగిసీదే ఏడింటికి." కాగితం మీద నాలుగు వేలిముద్రలు పడ్డాయి.

మొదటి శుక్రవారం నాడు కమల కొత్త సారాంశం బల్ల మీద పెట్టింది. మొదటి వాక్యం ఇలా ఉంది: 'మూడేళ్ల క్రితం ఈ ఖైదీ ఉత్తరంలోంచి ముఖ్యమైన మాటను వదిలేసినదాన్ని నేను. తప్పు నాది, శిక్ష ఆమె అనుభవించింది.' కింద సంతకం. సారాంశాల కింద సంతకాలు పెట్టే ఆచారం ఆ ఆఫీసులో లేదు.

ముగ్గురూ చదివారు. ఎడమ కుర్చీలో ఆయన పెదవి విరిచాడు. "రోజూ కడుగుతుందనీ, చావు తెలిస్తే కడగదనీ ఆడవాళ్లు అనుకుంటారు సరే. ఇలాంటి వాటికి కోర్టులో విలువేముంటుంది?"

గుమస్తాలు ఆ గదిలో మాట్లాడరు. కమల నిలబడే అడిగింది.

"సార్, ఇవాళ పొద్దున మీ ఇంటి వాకిలి తడిగా ఉందా, పొడిగా ఉందా?"

ఆయన మిగతా ఇద్దరికేసి చూశాడు. కుడి కుర్చీలో ఆయన బూట్లకేసి చూసుకున్నాడు. శ్యామసుందరరావు కిటికీలోంచి బయటకి చూశాడు, తన ఇల్లు అక్కడెక్కడో కనబడుతుందన్నట్టు. ముగ్గురూ దాని మీద నడిచే వచ్చారు. ఒక్కరికీ తెలియదు.

"పొడిగా ఉంటే మీకు తెలిసేది సార్," అంది కమల. "దాలమ్మది పొడిగా ఉంటే వాళ్ల వీధికీ తెలిసేది."

శ్యామసుందరరావు ముద్రల పెట్టె పక్కకి జరిపాడు. పెన్ను తీసి, పైకోర్టుకు పంపవలెను అని తన చేత్తోనే రాశాడు. తర్వాత, "నీ కాంట్రాక్టు సంగతి నేను చెప్పలేనమ్మా," అన్నాడు.

"పర్లేదు సార్."

తన బల్ల దగ్గరికొచ్చి కమల ఒక కార్డు తీసుకుంది. ఖైదీలకు ఆఫీసు పంపేది అచ్చు కాగితం. ఆమె అది పంపలేదు.

'దాలమ్మా, పైకోర్టు ఏమంటుందో నాకు తెలీదు. కానీ ఈసారి నీ మాట మొత్తం వెళ్లింది. పోయినసారి అందులో సగం కోసేసింది నేనే. నన్ను క్షమించమని అడగను. నేనూ రోజూ నాలుగున్నరకే లేస్తాను. రేపట్నుంచి చల్లేటప్పుడల్లా, నువ్వు చల్లలేని ఆ వాకిలి నాకు కనబడుతుంది.'