అత్తగారు విప్పిన ఆటపెట్టె

మా ఆఫీసులో స్క్రూడ్రైవరమ్మ ఎవరని అడిగితే గేటు దగ్గర కాపలా ఆయన కూడా నేరుగా మా తోడికోడలి బల్ల చూపిస్తాడు. ఆ పేరు పెట్టింది నేనే. ఎగతాళికే పెట్టాను. ఆమె దాన్ని బిరుదులా పుచ్చుకుని కాఫీ కప్పు మీద రాయించుకుంది. అలాంటి మనిషితో పోట్లాడటం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి.

ఆమె మా మరిది భార్య. ఇంట్లో మా ఇద్దరికీ ఒకే వంటగది, ఆఫీసులో ఒకే గది. పొద్దున పొయ్యి దగ్గర మొదలైన వాదన బస్సులో కాసేపు ఆగి, ఆఫీసులో మళ్ళీ అందుకుంటుంది. మేం తయారుచేసేవి రెండు చేతుల్లో పట్టుకుని ఆడుకునే చిన్న గేమింగ్ కంప్యూటర్లు. మధ్యలో తెర, అటూ ఇటూ మీటలు. లోపలి బోర్డు ఆమె గీస్తుంది. దాని మీదికి కేసు, అంటే పై తొడుగు, నేను గీస్తాను. ఆమెకెప్పుడూ చోటు కావాలి. నేనెప్పుడూ చోటు కోస్తాను. ఇంక పడుతుందా మాకు?

ఈసారి గొడవ ర్యామ్ గురించి వచ్చింది. ఆట నడుస్తున్నంతసేపూ కంప్యూటర్ తన సరంజామా అంతా పరుచుకునే చోటు ర్యామ్. చోటు ఇరుకైతే ఆట తడబడుతుంది. ఇలాంటి చిన్న కంప్యూటర్లలో చాలావాటికి ర్యామ్‌ని బోర్డుకే టంకం వేసి అతికించేస్తారు. కొన్నరోజు ఎంతుందో, పారేసేరోజూ అంతే. మా తోడికోడలు అలా కాదంది. ర్యామ్‌కి స్లాటు పెడతాను, కావలసినవాళ్ళు తీసి ఇంకా పెద్దది పెట్టుకుంటారు అంది. అంతటితో ఆగలేదు. జిగురు వద్దు, స్క్రూలే ఉండాలంది. అరిగిపోయిన మీటని ఒక్కదాన్నే మార్చుకునేలా ఉండాలంది.

"స్లాటు పెడితే ఎంత లావవుతుందో తెలుసా? జేబులో పెట్టుకునేదా, చంకలో పెట్టుకునేదా?" అన్నాను.

"అక్కా, నీ కేసు సన్నగా ఉండటానికి నా బోర్డు ఉపవాసం చెయ్యాలా?" అంది.

నా వాదనలో పస లేకపోలేదు. అతికించిన ర్యామ్ వేగంగా నడుస్తుంది, బ్యాటరీ కూడా తక్కువ తాగుతుంది. ఆ మాట ఆమే ఒప్పుకుంది. ఒప్పుకుని ఊరుకోలేదు. ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారులు పొట్టివి చెయ్యడానికి బోర్డు మొత్తం చెరిపి మళ్ళీ గీసింది. తేడా పూర్తిగా పోలేదు గానీ, ఆడేవాళ్ళు పట్టుకోలేనంతకి దిగింది. మొదటి బోర్డు తయారై వచ్చినప్పుడు దాన్ని వెలుతురుకి పెట్టి చూశాను. ప్రతి కేబులూ వేలు పట్టేంత వదులుతో మడిచి ఉంది. ప్రతి భాగం పక్కనా దాన్ని ఎటు లాగాలో చిన్న బాణం గుర్తుంది. ఎప్పుడో, ఎక్కడో, ముక్కూ మొహం తెలియని ఎవరో దీన్ని విప్పుతారని, వాళ్ళు కంగారు పడకూడదని ఆలోచించి గీసిన బోర్డది. నాకు కుళ్ళూ కలిగింది, ముచ్చటా కలిగింది. పైకి మాత్రం "బాణాలు మరీ ఎక్కువయ్యాయి" అన్నాను.

తీర్పు పరీక్షకి వదిలారు మా పెద్దాయన. కంపెనీ ఆయనదే. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని దానికోసం గదంతా వెతుక్కునే మనిషి. కానీ ఆయన పెట్టిన ఆచారం ఒకటి మాకు బాగా నచ్చుతుంది. కొత్త మోడల్ కేసు పోతపోసే అచ్చులు కోయించేముందు, జీవితంలో ఏ కంప్యూటరూ విప్పి ఎరగని మనిషిని మా ఇళ్ళలోంచే ఒకరిని చీటీ తీసి పిలుస్తారు. ఆ మనిషి ఒక్క స్క్రూడ్రైవరుతో భాగం మార్చి, మిషను మళ్ళీ నడిపించాలి. గీసినవాళ్ళు ఎదురుగా తమ చేతుల మీద తామే కూర్చోవాలి. నోరు విప్పకూడదు, కనుబొమ్మ కూడా ఎగరెయ్యకూడదు. వచ్చినవాళ్ళు "ఇక నా వల్ల కాదు" అంటే ఫెయిల్.

పాసైతే స్లాటు ఉంటుంది, నా కేసు లావెక్కుతుంది. ఫెయిలైతే ర్యామ్ టంకం వేసి, నేను గీసిన సన్న కేసుకి అచ్చులు కోస్తారు. ఆ తర్వాత ఎవరు నెత్తీనోరూ కొట్టుకున్నా మార్పుండదు. మా తోడికోడలి ఇన్నాళ్ళ కష్టం ఆ ఒక్క పూట మీద ఆగింది.

చీటీలో మా అత్తగారి పేరొచ్చింది.

గదిలో అందరూ గొల్లున నవ్వారు. సొంతవాళ్ళకి పరీక్ష పెట్టకూడదు కదా అని ఎవరో గొణిగితే, పెద్దాయన "ఇద్దరికీ ఆవిడే అత్తగారు. ఎటు మొగ్గినా ఇంట్లో ఒకరి మొహం మాడుతుంది. అంతకంటే నిష్పక్షపాతం ఎక్కడ దొరుకుతుంది?" అన్నారు.

మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. పక్క సీట్లో కూర్చుని, కాలికింద తన బ్రేకు తాను పెట్టుకుని, ఊళ్ళో సగం మందికి స్టీరింగు నేర్పారు, మిగతా సగం మందికి బుద్ధి నేర్పారు. ఇప్పుడు ఆవిడ లోకం లారీల ఆట. సరుకెక్కించుకుని కొండదారుల్లో లారీ నడుపుతూ, ఎదురొచ్చే బొమ్మకార్లని తిడుతూ ఉంటారు. మా పాత మోడల్లోనే ఆడతారు. కొత్త దారులు కలిపినకొద్దీ అందులో ర్యామ్ చాలక, సరిగ్గా మలుపులో తెర మీద బొమ్మ బిగుసుకుపోతుంది. "లారీ ఆగటం నా డ్రైవింగు వల్ల కాదు, మీ కంపెనీ వల్ల" అని మమ్మల్నిద్దర్నీ భోజనాల దగ్గర దులిపేస్తారు. కానీ దాన్ని విప్పమంటే భయం. లోపల ఏదో పుటుక్కున విరుగుతుందని, మేం చిన్నబుచ్చుకుంటామని.

పరీక్షకి ఇస్త్రీచీర కట్టుకుని వచ్చారు. ముందు కుర్చీ ఎత్తు సరిచేసుకున్నారు. అద్దం ఉంటే అదీ సరిచేసేవారే. బల్ల మీద రబ్బరు పట్టా, దాని మీద ఆటపెట్టె, స్క్రూడ్రైవరు, కొత్త ర్యామ్ ఉన్నాయి. ర్యామ్ అంటే చూయింగ్‌గమ్ ముక్కలా పలచటి పలక, ఒక అంచున బంగారు రంగు గీతలు. మేమిద్దరం ఎదురుగా చేతుల మీద కూర్చున్నాం. పెద్దాయన గోడకి ఆనుకుని నిలబడ్డారు.

అత్తగారు స్క్రూలు విప్పారు. మూత ఎత్తి, స్క్రూలు రాలతాయని కింద కొంగు పట్టారు. ఒక్కటీ రాలలేదు. విప్పినా మూతకే వేలాడేలా పెట్టింది మా తోడికోడలు. "ఓహో, పారిపోవన్నమాట" అన్నారు అత్తగారు మెచ్చుకోలుగా. లోపల బ్యాటరీ తీగ మీద "ముందు నన్ను ఊడదీయండి" అని చిన్న అక్షరాల్లో అచ్చువేసి ఉంది. ఆవిడ చదివి నవ్వి, "సరేనమ్మా" అని ఊడదీశారు. ర్యామ్‌కి రెండు పక్కలా ఉన్న కొక్కేలు వేళ్ళతో అటూ ఇటూ జరపగానే పలక దానంతటదే తల ఎత్తింది. నాకు తెలియకుండానే ఆ చేతుల వెంట నా కళ్ళు పరుగెత్తాయి. మనిషి చెయ్యి ఎటు వెళుతుందో ముందే తెలిసినట్టు, ప్రతిచోటా ఆ బోర్డు ఎదురొచ్చి దారి చూపిస్తోంది. నేనెన్ని అందమైన కేసులు గీసినా, ఒక ముసలావిడ భయాన్ని ఇంత చప్పుడు లేకుండా తీసెయ్యలేదు.

కొత్త ర్యామ్ ఏటవాలుగా పెట్టి కిందికి నొక్కారు. టక్ మంది. ఆ టక్ విని తృప్తిగా తలూపారు. పొరపాటు అక్కడే జరిగింది. పలక స్లాటులోకి పూర్తిగా దూరలేదు. బంగారు అంచు సన్నగా బయటికి కనిపిస్తూనే ఉంది. విరుగుతుందేమోనని మెత్తగా తోశారు ఆవిడ. జీవితమంతా క్లచ్చు మెల్లగా, బ్రేకు మెల్లగా అని చెప్పి చెప్పి, దీన్నీ మెల్లగానే తోశారు. నాకు కనిపించింది. మా తోడికోడలికీ కనిపించింది.

అత్తగారు బ్యాటరీ తీగ తగిలించి, మూత బిగించి, ఆన్ చేశారు. దీపం వెలిగింది. తెర నల్లగానే ఉంది. చాలాసేపు చూశారు. నల్లగానే ఉంది.

ఆవిడ మా మొహాలకేసి చూశారు. "మీ ఇద్దరికీ ఏదో తెలుసు" అన్నారు.

"ఇద్దరూ గోడవైపు తిరగండి" అన్నారు పెద్దాయన.

తిరిగాం. తప్పుచేసిన పిల్లల్లా గోడకి మొహం పెట్టి కూర్చున్నాం. నేను గెలిచినట్టే. ఇంకో మాటలో అత్తగారు "నా వల్ల కాదు" అంటారు, అచ్చులు నా కేసుకి కోస్తారు. సంతోషం కోసం లోపల వెతుక్కున్నాను. దొరకలేదు. పక్కన మా తోడికోడలు కింది పెదవి పంటితో నొక్కి పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, తుడుచుకుందామంటే చేతులు ఆమె కిందే ఉన్నాయి.

వెనక కుర్చీ కిర్రుమంది. "కారు ఆగిపోతే దిగి ఇంటికి పోతామా?" అని అత్తగారు తనలో తాను అనుకోవడం వినపడింది. తర్వాత స్క్రూడ్రైవరు చప్పుడు. మళ్ళీ విప్పుతున్నారు! మూత తీసి పక్కన పెట్టిన చప్పుడు. బ్యాటరీ తీగ ఊడిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

"ఈ బంగారు అంచు చీర బయటికి వేలాడుతోందేం?" అన్నారు అత్తగారు. "లోపలికి పోవే తల్లీ."

కొక్కేలు వదిలిన చప్పుడు, గట్టిగా తోసిన చప్పుడు, ఈసారి నిండుగా టక్. బ్యాటరీ తీగ. మూత. స్క్రూలు. ఆన్ చేసినట్టున్నారు. అంతా నిశ్శబ్దం. కొత్త ర్యామ్ పెట్టాక మొదటిసారి మిషను దాన్ని పరిచయం చేసుకోవడానికి చాలాసేపు పడుతుంది, అంతవరకూ తెర నల్లగానే ఉంటుంది. ఆ సంగతి మాకు తెలుసు. ఆవిడకి తెలియదు. చెప్పడానికి లేదు.

"ఇక..." అన్నారు అత్తగారు.

వద్దత్తయ్యా, అనకండి అని నేను మనసులో అరిచాను. అరిచింది నేనేనని తెలిసి నాకే ఆశ్చర్యమేసింది.

"ఇక కాసేపు ఆగుదాం" అని ముగించారు ఆవిడ. "చలికాలం బండి కూడా వెంటనే అందుకోదు."

కాసేపటికి లారీ ఇంజను మోత గదంతా నిండింది.

తిరిగి చూసేసరికి అత్తగారు కొండదారి ఎక్కేస్తున్నారు. పాత మోడల్లో బిగుసుకుపోయే మలుపు దగ్గర లారీ వెన్నలా తిరిగింది. ఆవిడ "అబ్బ" అన్నారు, అంతే. మా తోడికోడలు ఏడుస్తూ నవ్వుతోంది.

పెద్దాయన కళ్ళజోడు కిందికి దించుకున్నారు. "చిక్కొచ్చి పడింది. మొదటిసారి నడవలేదు. రెండోసారి నడిచింది. దీన్ని ఏమనాలి? ఇన్నేళ్ళలో రెండోసారి అనే మాటే ఎప్పుడూ రాలేదు."

నిజమే, రాలేదు. మా పాత మోడళ్ళలో మూత ఒకసారి ఊడితే ప్లాస్టిక్ కొక్కేలు విరిగేవి, జిగురు పొరలుగా లేచేది. ఆ కేసులు గీసింది నేనే. పరీక్షలో తప్పుచేసినవాళ్ళు నల్లతెర వంక చూసి లేచి వెళ్ళిపోయేవారు.

ఆయన నా వైపు తిరిగారు. "లావెక్కేది నీ కేసు. నువ్వే చెప్పు. పాసా, ఫెయిలా?"

మా తోడికోడలు నావైపు చూడలేదు. బల్లకేసి చూస్తోంది. ఫెయిలని ఒక్క మాటంటే చాలు. తప్పు పట్టడానికి కూడా ఎవరికీ వీల్లేదు, మొదటిసారి నడవలేదన్నది నిజం.

"పాస్" అన్నాను. "నా కేసులో అయితే అత్తయ్య మొదటి తప్పే ఆఖరి తప్పయ్యేది. ఆ పెట్టె చెత్తబుట్టలో ఉండేది, ఈవిడ ఇంటికెళ్ళి, నాకు చేతకాదు, నేను పాడుచేశానని జన్మంతా అనుకునేవారు. మేం కూడా తప్పు మాది కాదు, ఆవిడదే అనుకునేవాళ్ళం. ఈ పిల్ల గీసిన దాంట్లో తప్పు చేసినా మళ్ళీ చెయ్యడానికి చోటుంది. అలాంటిది గీయడం నాకు చేతకాలేదు. దీనికి చేతనైంది."

అంత పొగడ్త నా నోట ఎవరూ ఎన్నడూ విని ఉండరు.

"అక్కా" అంది తోడికోడలు. కళ్ళు తుడుచుకుంది.

"ఏడుపాపు. ఎంత లావు కావాలో చెప్పు, కేసు మొదట్నించి గీస్తాను. అలా అని రోలంత చేస్తే మాత్రం ఊరుకోను."

ఈ హడావిడిలో స్క్రూడ్రైవరు చప్పుడు మళ్ళీ మొదలైంది. చూస్తే అత్తగారు ఆట ఆపేసి, నడుస్తున్న పెట్టెని బోర్లించి మూత విప్పుతున్నారు.

"అయ్యో అత్తయ్యా, బానే నడుస్తోంది కదా! మళ్ళీ ఎందుకు?" అన్నాను.

"ఇందాక రెండుసార్లూ భయంతో విప్పాను, ఏమీ సరిగ్గా చూడలేదు" అన్నారు ఆవిడ తల ఎత్తకుండా. "ఇప్పుడు చూస్తాను."